కాలువ గట్టు నడక, పీట మీంచి లేవలేని కాళ్ళు
వయసు – వ్యాయామం: పాఠకుల ప్రశ్నలకు ఫిజియోథెరపిస్టు సమాధానాలు

ప్రశ్న: నాకు 68 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. రోజూ తెల్లవారుజామున కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్ళి వస్తాను. రానూపోనూ ఐదు కిలోమీటర్లు. బీపీ, షుగరు మందులతో అదుపులోనే ఉన్నాయి. అయినా మొన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే, పీట మీంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. ప్యాంటు వేసుకునేటప్పుడు గోడ ఆసరా లేకుండా ఒంటికాలి మీద నిలబడలేకపోతున్నాను. మా అబ్బాయి అడుగులు లెక్కపెట్టే గడియారం కొనిచ్చి, రోజుకు పది వేలు వేయమంటున్నాడు. నడక పెంచమంటారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు మండలం

జవాబు: పెంచవద్దు మాస్టారూ. ఐదు కిలోమీటర్లు మీకు పుష్కలం. ఆ పది వేల అంకె వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును అమ్ముకోవడానికి ఎంచుకున్న అంకె అది. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో సగటున 72 ఏళ్ళున్న 16 వేల మందికి పైగా మహిళల అడుగులు లెక్కగట్టారు. రోజుకు సుమారు 7,500 అడుగులు దాటాక ఆయుష్షు విషయంలో అదనపు లాభమేమీ కనబడలేదు. మీ ఐదు కిలోమీటర్లు దాదాపు అక్కడికే వస్తాయి. లెక్కల మాస్టారు కనుక మీకు చెబుతున్నాను, మీ అబ్బాయికి మీరు చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది పీట సంగతి. నడక గుండెకు మంచిది, షుగరుకు మంచిది, నిద్రకు మంచిది. కానీ పీట మీంచి మనిషిని లేపేది తొడ కండరం, పిరుదు కండరం. ముప్ఫై దాటినప్పటి నుంచి కండ పదేళ్ళకు 3 నుంచి 8 శాతం చొప్పున తరుగుతూ వస్తుంది. అరవై తరువాత ఆ తరుగుదల ఇంకా జోరందుకుంటుంది. చదును నేల మీద ఎంత నడిచినా అది ఆగదు. మన డెల్టాతో వచ్చిన చిక్కే ఇది. ధవళేశ్వరం దిగితే సముద్రం దాకా నేలంతా పళ్ళెం పరిచినట్టే. ఎక్కడమంటే గట్టు ఎక్కాలి, వంతెన ఎక్కాలి, దిగడమంటే రేవు మెట్లు దిగాలి, అంతే. మన పెద్దలకు ఆ లోటు తెలియలేదు. నేల మీద కూర్చుని తిన్నారు, గొంతుకూర్చుని అంట్లు తోముకున్నారు, నడుం వంచి నాట్లు వేశారు. ఇప్పుడు మంచం, సోఫా, భోజనాల బల్ల, కుర్చీలాంటి మరుగుదొడ్డి. పెళ్ళిలో పంక్తి భోజనాలు కూడా బల్లల మీదకు ఎక్కేశాయి. ఇక మీ తొడలకు నిండా పని పడేది ఎప్పుడు? వ్రతం రోజునే.

65 దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అన్న మొదటి మాట అందరికీ తెలుసు. వారానికి రెండు రోజులైనా కండకు బలం ఇచ్చే వ్యాయామం, మూడు రోజులైనా ఒళ్ళు తూలకుండా నిలిపే సాధన అనే మాటలూ అందులోనే ఉన్నాయి. వాటిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ‘ఓ మోస్తరు’ అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. గట్టు మీద నలుగురు కలిసి రాజకీయాలు చర్చించుకుంటూ, మాట ముదిరినచోటల్లా ఆగి వేలు చూపించుకుంటూ నడిచే నడక ఆ లెక్కలోకి రాదని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో ఇంట్లో ఎవరినైనా లెక్కపెట్టమనండి. 65 నుంచి 69 ఏళ్ళ మగవారు 12 కంటే తక్కువ, ఆడవారు 11 కంటే తక్కువ చేస్తే కాళ్ళలో బలం చాలడం లేదని, పడిపోయే ప్రమాదం ఉందని అర్థం. తరువాత ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు ఆనించి, ఒకే గీత మీద నిలబడి చూడండి. పది సెకన్లు నిలవాలి. పక్కన గోడ ఉండాలి, మనిషీ ఉండాలి.

ఆ పరీక్షే మీకు వ్యాయామం కూడా. రోజు విడిచి రోజు కుర్చీలోంచి పదిసార్లు లేవండి. కాసేపు ఆగి మళ్ళీ పది. లేవడం కంటే కూర్చోవడం ముఖ్యం. ధబీమని కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగండి, కండ గట్టిపడేది అక్కడే. ఊపిరి బిగబట్టవద్దు, బీపీ ఉన్నవారికి అది మంచిది కాదు. తేలికైపోయాక రెండు సంచుల్లో వలిచిన కొబ్బరికాయలు సమానంగా వేసి, రెండు చేతులతో పట్టుకుని లేవండి. మన ఊళ్ళలో డంబెల్స్ కొనడం దండగ. అరుగు మెట్టు ఎక్కి దిగడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం కూడా చేర్చండి. పళ్ళు తోముకునేటప్పుడు ఒక చేత్తో గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం అలవాటు చేసుకోండి. కుదిరాక గోడ మీద అరచేయి తీసి ఒక వేలే ఆనించండి. తరువాత ఆ వేలూ తీయండి.

నేల మీంచి లేవడానికి ఒక పద్ధతి ఉంది. దీనికి తొందరపడవద్దు. మంచం పక్కన చాప వేసుకోండి. కూర్చున్నచోటి నుంచి నేరుగా పైకి లేవాలని చూస్తే ఎవరికైనా కష్టమే. ఒక పక్కకు తిరగండి. రెండు చేతులూ నేలకు ఆనించి మోకాళ్ళ మీదకు రండి, పసిపిల్లలు దోగాడే భంగిమ. అక్కడ రెండు ఊపిరులు తీసుకోండి. చేతులు మంచం పట్టె మీద పెట్టండి. బలమైన కాలిని ముందుకు తెచ్చి పాదం పూర్తిగా నేలకు ఆనేలా పెట్టండి. ముక్కు మోకాలి ముందుకు వచ్చేదాకా వంగండి, అప్పుడు ఆ కాలి మీద బరువు వేసి లేవండి. చాలామంది ఈ వంగడం దగ్గరే తప్పుతారు. ఒంటిని వెనక్కి వాల్చి చేతులతో లాక్కుంటారు. లేవగానే నడిచేయకుండా కాసేపు నిలబడండి. బీపీ మాత్రలు వేసుకునేవారికి లేచిన వెంటనే తల తిరగవచ్చు.

ఈ వయసులో కండ వస్తుందా అని అడుగుతారని తెలుసు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ వాళ్ళతో ఎనిమిది వారాలు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తి చేసిన తొమ్మిది మంది కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. వాళ్ళ ముందు మీరు కుర్రవాళ్ళు.

మోకాళ్ళు కొంచెం నొప్పి పెడితే భయం లేదు. వాచినా, మరునాటికి నొప్పి ఎక్కువైనా సగానికి తగ్గించండి. ఛాతీ పట్టేసినట్టున్నా, ఎన్నడూ లేని ఆయాసం వచ్చినా ఆపేసి డాక్టరుకు చూపించుకోవాలి. మీ షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ అయినా, మీరు ఇన్సులిన్ తీసుకుంటున్నా, పరగడుపున గంట నడక గురించి డాక్టరును అడగండి. చక్కెర పడిపోయి గట్టు మీద ఒంటరిగా కళ్ళు తిరగడం మంచిది కాదు. రోహిణి కార్తెలో మన ఉక్కకు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఆ రోజుల్లో తెల్లవారకముందే నడిచి రండి. వానల్లో గట్టు జారుతుంది, వసారాలోనే నడవండి.

ఇక కంచం. కండకు మాంసకృత్తులు కావాలి. మూత్రపిండాల జబ్బు లేని పెద్దవారికి ఒంటి బరువు కిలోకు రోజుకు గ్రాము, ఆపైన కొంచెం ఉండాలి. 60 కిలోల మనిషికి 60 గ్రాములు. గుడ్డులో సుమారు ఆరు గ్రాములే ఉంటాయి. గుట్టగా అన్నం, ఆవకాయ, చివర మజ్జిగ అంటే ఆ లెక్క తేలదు. భీమవరం చెరువుల చేప ఐసు పెట్టెల్లో కలకత్తా దాకా వెళుతుంది, మన కంచంలోకి మాత్రం ఆదివారమే వస్తుంది. వంద గ్రాముల చేపలో పద్దెనిమిది, ఇరవై గ్రాముల దాకా ఉంటాయి. తినని ఇళ్ళలో పెసరట్టు, మినుములు, గట్టిపప్పు, పెరుగు ప్రతి పూటా ఉండాలి. రాత్రికి కూడబెట్టి తింటే సరిపోదు.

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. ఊడ్చడం, తుడవడం, వంట, మనవరాలి పని అంతా నాదే. వేరే వ్యాయామం ఎందుకని మా ఇంట్లో నవ్వుతారు. సాయంత్రానికి నడుం విరిగినట్టుంటుంది. నాకూ వ్యాయామం అవసరమా?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: అవసరమే అక్కగారూ. ఇంటిపని కదలికే, కాదనను. కానీ అది రోజంతా మిమ్మల్ని ముందుకే వంచుతుంది. వెనక్కి విచ్చుకునే పని ఒక్కటీ ఉండదు. నెలసరి ఆగాక ఎముక గుల్లబారడం త్వరపడుతుంది. దానికి ఎముకల మీద ఒంటి బరువు పడే వ్యాయామం కావాలి. గోడకు మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, ఛాతీని గోడ దాకా తీసుకెళ్ళి వెనక్కి తోయండి. గంటకోసారి నడుం మీద చేతులు పెట్టి మెల్లగా వెనక్కి వాలండి. పైన మాస్టారికి చెప్పిన కుర్చీ వ్యాయామం మీకూ వర్తిస్తుంది. నడకకు వెళ్ళేటప్పుడు చీర మీద బూట్లు వేసుకోవడానికి మొహమాటపడవద్దు. ఇంకో మాట. నవ్వేవాళ్ళకు చీపురు ఇవ్వండి. వాళ్ళకూ వ్యాయామం కావాలి.

ప్రశ్న: రోజూ నడక అయ్యాక బొండం నీళ్ళు తాగడం నా అలవాటు. వయసు 72. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. మూత్రపిండాలు కొంచెం బలహీనంగా ఉన్నాయన్నారు. తాగవచ్చా?
– ఒక కొబ్బరి రైతు, అంబాజీపేట

జవాబు: అంబాజీపేట వారికి బొండం వద్దని రాయాలంటే చేయి రావడం లేదు, కానీ మీరు ఆపండి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. బలహీనపడిన మూత్రపిండాలు దాన్ని బయటకు పంపలేవు. మీరు వాడే మాత్ర కూడా దాన్ని ఒంట్లో నిలుపుతుంది. పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ సూచనా ఉండకపోవచ్చు. రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా నడక తరువాత మామూలు మంచినీళ్ళు తాగండి. మాత్ర మాత్రం సొంతంగా మానవద్దు.