రాయగడలో జీతాల సెక్షన్‌లో చేరిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

రాయగడ ఫ్యాక్టరీలో జీతభత్యాల పని నీ చేతికొచ్చిందని తెలిసి చాలా సంతోషమైంది. ముందు పేర్లు చూసుకో, లెక్కలు తరవాత. పార్వతీపురం నుంచి రైలెక్కి వచ్చే మనవాళ్లకి ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది. అక్కడి గుమస్తా దాన్ని ఒక్క అక్షరం చేసేస్తాడు, లేదా ఒడియా పద్ధతిలో చివరికి నెట్టేస్తాడు. పదేళ్లు సక్రమంగా కట్టిన పీఎఫ్ కూడా పేరు కలవక క్లెయిమ్ దగ్గర ఆగిపోతుంది. చేరిన రోజే ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడు. పాత యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, ఉందేమో అడుగు.

నామినేషన్, అంటే తన తరవాత సొమ్ము ఎవరికి చెందాలో రాసే కాగితం, కూడా ఆ రోజే. పెళ్లికి ముందు రాసిన పీఎఫ్ నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదు. పెళ్లి సెలవు కాగితం నీ బల్ల మీదికి వచ్చినప్పుడే కొత్త నామినేషన్ సంగతి గుర్తుచెయ్యి.

పీఎఫ్ పాస్‌బుక్కు చూసి "కంపెనీ నాకంటే తక్కువ వేసింది" అని అడుగుతారు. విసుక్కోకు. 15,000 వేతనం మీద ఇద్దరూ 12 శాతం, అంటే 1,800 చొప్పున కడతారు. కంపెనీ వాటాలో 1,250 పింఛనుకు పోతుంది, పీఎఫ్‌లో 550 పడుతుంది. కాగితం మీద వేసి చూపించు.

ఎక్కువమంది తప్పేది ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా చందా, దగ్గర. 20,500 ఉన్న మనిషికి జూన్‌లో 21,800 అయిందనుకో. 21,000 పరిమితి దాటాడని వెంటనే ఆపకూడదు. సెప్టెంబరు దాకా 21,800 మీదే కట్టాలి: అతనిది 0.75 శాతం, 164, కంపెనీది 3.25 శాతం, 709. పైసలుంటే పై రూపాయికి లెక్క. జూన్‌లో ఆపేస్తే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఉన్న ఆ ఆరు నెలల్లో చందా కట్టిన 78 రోజులు నిండవు. వచ్చే జనవరి నుంచి జూన్ దాకా జబ్బు చేసినా సెలవు భత్యం రాదు. నష్టపోయేది అతనే.

కనీస వేతనం పనిచేసే చోటిది, ఒడిశాదే. ఊరు ఆంధ్రాలో ఉందని మారదు.

గ్రాట్యుటీ అంటే సర్వీసులో ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున ఇచ్చే సొమ్ము. రోజు వేతనానికి నెల వేతనాన్ని 26తో భాగించు, 30తో కాదు. చివరి వేతనం 20,000, సర్వీసు పదేళ్లయితే 1,15,385 రావాలి. 30తో భాగిస్తే లక్షే వస్తుంది. 2025 నవంబరు 21న వేతన కోడ్ అనే కేంద్ర చట్టం అమల్లోకొచ్చాక, అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన భాగమూ వేతనమే. సెటిల్‌మెంట్ కాగితం మీద ఈ లెక్కంతా విడమరిచి రాసి, సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించు.

ఇట్లు,
పెదనాన్న