క్లచ్ కొనకు అల్లుడూ, ముందు ఆ ఫ్యాన్‌ని తిప్పుతున్నదేంటో చూడు

అల్లుడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. వెనకాల వినపడే ఆ హోరు నీ లారీ ఇంజన్ ఫ్యాన్‌దే, అందులో సందేహం లేదు. జగ్గయ్యపేటలో సిమెంటు ఎత్తుకున్నది మొదలు దిగేదాకా ఆగకుండా తిరుగుతోంది, మైలేజీ పడిపోయింది, మెకానిక్ ఫ్యాన్‌ని ఇంజన్‌కి కలిపి విడదీసే ఫ్యాన్ క్లచ్ మార్చాలంటున్నాడు అని చెప్పావు. ఇప్పుడే క్లచ్ కొనకు. ఆ క్లచ్‌కి వెళ్లే వైరు కనెక్టర్ పీకేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకు. చాలా బండ్లలో ఆ వైరు ఊడితే ఫ్యాన్ ఆగదు, ఇంకా ఫుల్లుగా తిరుగుతుంది. ఇంజన్ కాలిపోకూడదని కంపెనీ వాళ్లే అలా పెడతారు.

నీ బండిది విస్కస్ ఫ్యాన్. క్లచ్ లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. వేడెక్కితే వాల్వ్ తెరుచుకుని ఆ ఆయిల్ ప్లేట్ల మధ్యకి వస్తుంది, అప్పుడు ఫ్యాన్ ఇంజన్‌ని పట్టుకుని దాంతో పాటు తిరుగుతుంది. పాత బండ్లలో రేడియేటర్ మీంచి వచ్చే గాలి వేడిని బట్టి ముందున్న స్ప్రింగు ఆ పని చేసేది, కొత్త వాటిలో ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, చెబితే తెరుచుకుంటుంది. అంటే ఫ్యాన్ తనంతట తాను ఫుల్లుగా తిరగదు, ఎక్కడో వేడి ఉంటేనో, వేడి ఉందని ఏదో సెన్సార్ చెబితేనో తిరుగుతుంది. మనం వెతకాల్సింది అదే.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒకటి రెండు నిమిషాలు హోరెత్తి తగ్గిపోతే అది జబ్బు కాదు, రాత్రంతా నిలబడిన ఆయిల్ సర్దుకునేదాకా అలాగే ఉంటుంది. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడూ, మే నెల మధ్యాహ్నం రెంటచింతల వైపు వెళ్లేటప్పుడూ తిరగడమే దాని పని. క్లచ్ వదిలేశాక కూడా ఫ్యాన్ పూర్తిగా ఆగదు, మెల్లగా తిరుగుతూనే ఉంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడకు. ఖాళీ బండి, సాఫీ రోడ్డు, చల్లటి వేళ, టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, అయినా హోరు తగ్గలేదంటే మాత్రం వదలకూడదు. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది ఇంజన్ నుంచి లాక్కునే పవర్ ఎనిమిది రెట్లు అవుతుంది, నీ డీజిల్ అటే పోతోంది. ఫైనాన్స్ కడుతున్నవాడివి, ఆ లెక్క నీకు నేను చెప్పక్కర్లేదు.

నువ్వు ఎత్తేది సిమెంటు కాబట్టి నా అనుమానమంతా రేడియేటర్ మీదే. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనపడుతుంది, దాన్ని నమ్మొద్దు. ముందు ఏసీ కండెన్సర్, దాని వెనక టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, ఆ వెనక రేడియేటర్, ఇలా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, చెత్తంతా ఆ సందుల్లో ఇరుక్కుంటుంది. రాత్రి పూట ఇంజన్ ఆపి, ఒకరు అటువైపు టార్చి పట్టుకుంటే నువ్వు ఇటు నుంచి చూడు. వెలుగు కనపడని చోట గాలి కూడా పోదు. వేలితో గీకి చూడు, పొడిగా రాలితే గాలి కొట్టిస్తే పోతుంది. నల్లగా జిగటగా వేలికి అంటుకుంటే మాత్రం ఇంజన్ బ్రీదర్ పైపు నుంచి ఆయిల్ ఆవిరి వచ్చి అక్కడ పట్టి, దాని మీద సిమెంటు దుమ్ము కూర్చుందన్నమాట, అది ఉత్త నీళ్లకి వదలదు, రేడియేటర్‌కి వాడదగ్గ క్లీనర్ చల్లి నానబెట్టాలి. ఇంటర్‌కూలర్ బోల్టులు వదులు చేసి సందు తీయించు, లేబర్ ఇంకో నాలుగు డబ్బులైనా పర్లేదు. నీళ్లు ఇంజన్ వైపు నుంచి ముందుకి కొట్టించాలి, ఎదురు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, దూరం నుంచే కొట్టమను, అదీ ఇంజన్ బాగా చల్లారాకే. పనిలో పనిగా గ్రిల్లుకి కట్టిన ఆ పురుగుల వల, ఎక్స్‌ట్రా లైట్ల ప్లేటు తీసేయ్. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్ పగిలిందేమో చూడు, పగిలితే ఫ్యాన్ రేడియేటర్ లోంచి కాకుండా పక్క నుంచి గాలి లాగుతుంది.

తర్వాత ఏసీ. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, డ్రైవర్లకి మంచిదే. కాకపోతే చాలా బండ్లలో ఏసీ గ్యాస్ ప్రెషర్ పెరిగినా ఇంజన్ ఫ్యాన్ తిరుగుతుంది. హోరు వస్తున్నప్పుడు ఏసీ ఆపి కాసేపు నడిపి చూడు. హోరు తగ్గిందా, ఇంజన్‌ని వదిలేసి ఏసీ వాడి దగ్గరికి వెళ్లు, గ్యాస్ ఎక్కువ పట్టించారేమో, కండెన్సర్ మూసుకుపోయిందేమో చూస్తాడు.

తగ్గలేదంటే రేడియేటర్‌లో తిరిగే కూలెంట్ చూడు. ట్యాంకులో లెవెల్ తగ్గిందా, మూత రబ్బరు ఎండిపోయిందా, ఎవరైనా బోరు నీళ్లు పోశారా. పల్నాడు వైపు నీళ్లలో సున్నం ఎక్కువ, లోపల పేరుకుంటే బయట ఎంత కడిగినా లాభం ఉండదు. బండి పుస్తకంలో రాసిన కూలెంటే, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయించు. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వే థర్మోస్టాట్, దాన్ని తీసేసి నడుపుకోమంటారు కొందరు, ఆ సలహా వినొద్దు, ఇంజన్ ఎప్పుడూ వేడెక్కక డీజిల్ ఇంకా తాగుతుంది. వేడి మీద మాత్రం మూత ముట్టుకోకు. ఆవిరి మొహానికి కొడుతుంది, నీకేమన్నా అయితే మీ అమ్మకి నేనేం చెప్పాలి?

ఇవన్నీ బాగుంటే ఈసీయూ అంకెలు చదివే స్కానర్ పెట్టించు. కూలెంట్ వేడి ఎంతో, ఈసీయూ ఫ్యాన్‌కి ఎంత ఆర్డరు ఇస్తోందో రెండూ అందులో కనపడతాయి. అదే సమయంలో థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర, ముట్టుకోకుండానే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలువు, మెరిసే అల్యూమినియం మీద నేరుగా కొడితే తక్కువ చూపిస్తుంది, చిన్న నల్ల టేపు అంటించి దాని మీద కొట్టు. నాలుగైదు డిగ్రీల తేడా మామూలే. స్కానర్ 100 అంటూ గన్ 85 అంటుంటే సెన్సారో వైరింగో అబద్ధం చెబుతోంది, కనెక్టర్‌లో పచ్చగా చిలుము పట్టిందేమో, వైరు ఎక్కడైనా రాసుకుపోయిందేమో చూడు. ఈసీయూ ఫ్యాన్ వద్దంటున్నా ఫ్యాన్ గిర్రున తిరుగుతుంటే, దాని వైరింగు కూడా బాగుంటే, అప్పుడు క్లచ్‌ని అనుమానించాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తాళం జేబులో పెట్టుకుని, మెడలో కండువా తీసేసి, చేత్తో తిప్పు. కొంచెం బరువుగా తిరగాలి. బిర్రుగా పట్టేసి ఉంటే, రెక్కలు ముందుకీ వెనక్కీ ఆడుతుంటే మార్చాల్సిందే. ఇంజన్ నడుస్తుండగా మాత్రం కర్రతో గానీ పేపరు చుట్టతో గానీ ఆపి చూడొద్దు, ఎవరు చేసి చూపించినా సరే.

రేడియేటర్ కడిగించాక, ఏసీ ఆపి ఒకసారి, వేసి ఒకసారి అదే రూట్లో అదే లోడుతో నడుపు. స్కానర్ అంకె, గన్ అంకె ఫొటో తీసి పంపు, చూసి ఫోన్ చేస్తా. క్లచ్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ మావయ్య