బంతి ముట్టని వాళ్ళ గురించి రాయి

అమ్మాయీ,

ఆశీస్సులు. మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2023 సీజన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తెలుగు బాగుంది. కానీ అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

"ఇంతలో జింటర్ గాయపడటంతో ఆట కాసేపు ఆగింది."

అంతేనా? నవంబర్ 25, ఒహాయో స్టేట్‌తో మ్యాచ్, మూడో క్వార్టర్ చివర, స్కోరు 17-17. మిషిగన్ సొంత ఊరు ఆన్ ఆర్బర్‌లోని స్టేడియంలో లక్షమందికి పైగా జనం. ముందు వరసలో కుడివైపు రైట్ గార్డ్‌గా ఆడే జాక్ జింటర్, జట్టు కెప్టెన్లలో ఒకడు, ఎడమ కాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగి పడ్డాడు. అతన్ని బండి మీద తీసుకెళ్ళారు. అప్పటిదాకా అతని పక్కన, వరస చివర రైట్ టాకిల్‌గా ఆడుతున్న కార్సన్ బార్న్‌హార్ట్ లోపలికి జరిగి జింటర్ చోట నిలబడ్డాడు. ఖాళీ అయిన టాకిల్ చోటికి బెంచి మీంచి ట్రెంటే జోన్స్ వచ్చాడు. ఆట మళ్ళీ మొదలవగానే బ్లేక్ కోరమ్ బంతి పట్టుకుని 22 గజాలు పరుగెత్తి, చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. చేసి, వేళ్ళతో ఆరు, ఐదు చూపించాడు. జింటర్ జెర్సీ నంబరు 65. నువ్వు కోరమ్ పరుగుకి అరపేజీ ఇచ్చావు. ఆ దారి తెరిచిన వాళ్ళకి ఒక్క అక్షరం ఇవ్వలేదు.

నేను ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నది ఇదే. ఈ ఆటలో ముందు వరసలో, అంటే లైన్‌లో, ఐదుగురుంటారు. వేళ్ళకి టేపు చుట్టుకుని, నేల మీద చెయ్యి ఆనించి వంగి, ఎదురుగా ఉన్నవాణ్ణి తోయడమే వాళ్ళ పని. స్కోరు పట్టికలో వాళ్ళకి గడి ఉండదు. ఫుట్‌బాల్ గురించి రాయాలంటే ముందు వాళ్ళ గురించి రాయాలి. అందులోనూ ఆ ఏడాది సీజన్ వాళ్ళదే.

పెన్ స్టేట్ మ్యాచ్ చూడు. ముందురోజే హెడ్ కోచ్ హార్బాని మూడు మ్యాచ్‌లకి సస్పెండ్ చేశారు. ఆ బాధ్యత షెరోన్ మూర్ మీద పడింది. ఆయన ఆ లైన్‌కి కోచ్. అక్కడ మిషిగన్ బంతి విసరకుండా వరసగా 32 సార్లు పరుగే పెట్టింది. ఆట మొత్తంలో, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మెకార్తీ విసిరింది ఎనిమిది సార్లే. ఏం రాబోతోందో అవతలివాళ్ళకి తెలుసు, తెలిసీ ఆపలేకపోయారు. 24-15తో గెలిచాక మూర్ కెమెరా ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. నువ్వు మాత్రం మెకార్తీని ధోనీతో పోలుస్తూ పేరాలు రాశావు. తీసెయ్.

హ్యూస్టన్‌లో జరిగిన జాతీయ ఫైనల్‌కి పేజీలకు పేజీలు రాశావు కదా, దేశంలో అత్యుత్తమ లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు ప్రస్తావన ఎక్కడుంది? 2021, 2022ల్లో అది మిషిగన్‌కి వచ్చింది. 2023లో వాషింగ్టన్ యూనివర్సిటీకి పోయింది. ఫైనల్లో ఎదురుపడింది ఆ వాషింగ్టనే. ఆ రాత్రి మిషిగన్ పరుగు మీదే 303 గజాలు సాధించింది, 34-13తో గెలిచింది. ఇంతకన్నా కథ ఏం కావాలి నీకు?

ఇదంతా వదిలేసి 2020లో రెండు గెలుపులు నాలుగు ఓటములు, 2023లో పదిహేనుకి పదిహేనూ గెలుపులే అని మొదలుపెట్టావు. ఓటమి నుంచి గెలుపుకి మెట్లు కట్టి చూపించే ఈ మోజు ఎక్కణ్ణించి వస్తుందో నాకు తెలుసు. డిట్రాయిట్‌కి వచ్చిన కొత్తలో గోడౌన్‌లో సెకండ్ షిఫ్ట్ చేస్తూ నేనొక కథ రాశాను. నాతో పనిచేసే ఒకాయన హైస్కూల్లో లైన్‌లో ఆడినవాడు. భోజనానికి కూర్చునేటప్పుడు కుడి మోకాలిని రెండు చేతులా పట్టుకుని వంచుకునేవాడు. కథ దాని గురించే. ఒక పత్రికకి పంపితే, హీరోని తెలుగబ్బాయిని చేసి చివర్లో కప్పు గెలిపించమని సంపాదకుడు రాశాడు. స్ఫూర్తి కావాలట! నేను మార్చలేదు. చాలా ఏళ్ళకి ఒక చిన్న పత్రిక వేసింది. ఒంగోలు నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. ఆయనకి ఈ ఆటంటే ఏమిటో తెలీదు. ఆ మోకాలు ఇప్పుడెలా ఉందని అడిగాడు. ఆ సంపాదకుడి మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు.

పుస్తకంగా వెయ్యవచ్చా, ముందుమాట ఎవరిచేత రాయించాలి అని అడిగావు. ఇప్పుడు వాటి మాట ఎత్తకు. జింటర్ పడ్డ దగ్గర్నించి కోరమ్ గీత దాటేదాకా వీడియో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూడు. కోరమ్‌ని చూడకు, బార్న్‌హార్ట్‌ని చూడు. కొత్త చోట చెయ్యి ఎలా ఆనించాడు, ఎవరి మీదికి వెళ్ళాడు, పక్కన జోన్స్ ఏం చేశాడు. అది రాసి పంపు. నెలాఖరులోగా పంపితే ఊరెళ్ళేలోపు చదివి పెడతాను.

ఆశీస్సులతో.