బెంగళూరులో మా అక్వేరియం గది గోడలు చలికాలంలో చెమ్మగిల్లి బూజు పడుతున్నాయి. థర్మాకోల్ అతికిస్తే సరిపోతుందా?

సరిపోదండీ. ముందు తొట్టెలకు గాజు మూతలు పెట్టండి, అసలు మందు అదే. లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి పోతుంది, ఆ తేమేమో గోడకు చేరుతుంది. జనవరి రాత్రుల్లో అక్కడ బయట 15–16 డిగ్రీలు, తొట్టెలో నీళ్లు 26. ఆ వెచ్చని తడిగాలి చల్లని గోడకు తగలగానే నీటిబొట్లవుతుంది.

థర్మాకోల్ కన్నా ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ అనే గట్టి ఫోమ్) షీటు మేలు, నీరు పెద్దగా పీల్చదు. బూజు గీకి, గోడ బాగా ఆరాక బయటి గోడలకూ స్లాబుకూ అతికించండి. అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూసి, పైన సిమెంట్ బోర్డు వేయండి. చిన్న సందు మిగిలినా తడిగాలి షీటు వెనక్కి దూరి, కంటికి కనబడని చోట బూజు పెరుగుతుంది. జిప్సం, ప్లైవుడ్ వద్దే వద్దు. తేమ 60 శాతం దాటితే దానంతటదే తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం తప్పనిసరి.