పన్నెండేళ్ల పిల్లను నాలుగో తరగతిలో కూర్చోబెట్టాలా?

ప్రశ్న: మా ఎదురింటి అమ్మాయికి పన్నెండేళ్లు. మూడో తరగతితో చదువు ఆపేసి తల్లిదండ్రులతో ఇటుక బట్టీలకు వలస వెళ్లింది. బట్టీలు మూసేశాక గత జూన్‌లో నాయనమ్మ దగ్గరికి వచ్చింది. బడిలో టీసీ, జనన ధ్రువపత్రం తెమ్మంటున్నారు. చేర్చుకున్నా నాలుగో తరగతే అంటున్నారు. చిన్నపిల్లల మధ్య కూర్చోనని ఆ పిల్ల ఏడుస్తోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఆ పిల్ల ఏడుపులో న్యాయం ఉంది, చట్టమూ ఆమె పక్షానే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం, బడి మానేసిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, తోటివారిని అందుకునేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగేళ్లు నిండినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఉచితంగా చదివించాలి. వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్, టీసీ ఆలస్యమైందని ఆపరాదని 5వ సెక్షన్ చెబుతున్నాయి. ఈ సెక్షన్లను పేర్కొంటూ ప్రధానోపాధ్యాయులకు దరఖాస్తు ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోండి. పని జరగకపోతే మండల విద్యాధికారిని కలవండి.

ఇన్నేళ్ల వెనకబాటు ఎలా పూడుతుందన్న బెంగ కలగడం సహజమే. రంగారెడ్డి జిల్లాలో 1990ల నుంచి ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన బ్రిడ్జి కోర్సు (చదువులో వెనకబడిన పిల్లలను ఈడుకు తగిన తరగతికి సిద్ధం చేసే శిక్షణ) శిబిరాల్లో, పనుల నుంచి వచ్చిన పిల్లలెందరో తమ ఈడు వారి తరగతులకు చేరుకున్నారు. నేను ఒక శిక్షణ కేంద్రంలో బోధించిన రోజుల్లో బట్టీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. వరుసకు ఎన్ని ఇటుకలో, ఎన్ని వరుసలో చెబితే చాలు, మొత్తం నోటితోనే చెప్పేసేది. అదే లెక్కను పలక మీద వేయమంటే చేతులు వెనక్కి దాచుకునేది. లెక్క వచ్చు, రాయడమే రాదు. ఆ ఇటుకల లెక్కతోనే ఆమెకు అంకెలు దిద్దించాం.

నాయనమ్మకు పోషణ భారమైతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో అడగండి. బడి మానేసిన బాలికల కోసమే పెట్టిన ఆ విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి వసతితో పాటు చదువు ఉంటుంది. ఏదైనా దసరా లోపే చేయండి. ఆ తరువాత కూలీలను బట్టీలకు తీసుకెళ్లే మేస్త్రీలు అడ్వాన్సులతో ఊళ్లోకి వస్తారు, తల్లిదండ్రులు ఆమెను మళ్లీ వెంట తీసుకెళ్లే ప్రమాదం ఉంది. చేరిన మొదటి నెల రోజులు వీలైతే మీరే వెంట వెళ్లి బడిలో దింపి రండి.