ముందు ఓపెన్ స్టాండర్డ్, తరువాతే కంపెనీ సర్టిఫికెట్

ప్రశ్న: మా అమ్మాయి బి.టెక్. చివరి సంవత్సరం చదువుతోంది. లాగిన్, యాక్సెస్ భద్రత రంగంలో స్థిరపడాలని ఆమె కోరిక. ఓఆత్ వంటి ఓపెన్ స్టాండర్డ్ నేర్చుకోవాలా, లేక ఏదైనా కంపెనీ ఉత్పత్తిలో శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ సంపాదించాలా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: ముందుగా ఓఆత్ 2.0 నేర్చుకోమనండి, కంపెనీ శిక్షణ ఆ తరువాత. ఒక చోట ఉన్న మన సమాచారాన్ని వేరొక యాప్ వాడుకునేందుకు అనుమతి ఇచ్చే పద్ధతే ఓఆత్; ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాక, ఎవరైనా చదివి వాడుకోగల ఉమ్మడి నియమాలు కనుక దానిని ఓపెన్ స్టాండర్డ్ అంటారు. సంస్థల్లో లాగిన్‌లను చూసుకునే సాఫ్ట్‌వేర్లలో మైక్రోసాఫ్ట్ వారి ఎంట్రా ఐడీ అయినా, ఓక్టా అయినా, ఓపెన్ సోర్స్‌లో దొరికే కీక్లోక్ అయినా పైకి కనిపించే తెరలు వేరు గాని, లోపల నడిచేవి చాలావరకు ఓఆత్, ఓపెన్ ఐడీ కనెక్ట్, ఎస్‌ఏఎంఎల్ అనే లాగిన్, అనుమతుల ప్రమాణాలే. ఎంట్రా ఐడీ 2023 వరకు అజూర్ యాక్టివ్ డైరెక్టరీ అనే పేరుతో ఉండేది. పేరు మారినా లోపలి ప్రమాణాలు మారలేదు. మన పిల్లల మార్కుల పత్రాలుండే డిజీలాకర్ కూడా, వాటిని వేరొక యాప్‌కు ఇచ్చే ముందు అనుమతి తీసుకోవడానికి ఓఆత్‌నే వాడుతుంది.

ఓపెన్ స్టాండర్డ్ అంటే లోపం లేనిదని కాదు. ఇంటర్నెట్ ప్రమాణాలను ఆర్‌ఎఫ్‌సీ అనే వరుస సంఖ్యల పత్రాలుగా ప్రచురిస్తారు. 2012 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 6749గా వెలువడిన ఓఆత్ 2.0లో, వాడుకరి తన పాస్‌వర్డ్‌ను నేరుగా యాప్ చేతికిచ్చే పద్ధతి కూడా ఉండేది. 2025 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9700 దానిని వాడనే కూడదని తేల్చింది. ఎందుకు కూడదో ఆ పత్రంలోనే రాసి ఉంది, దానిని ఎవరైనా రుసుము లేకుండా చదువుకోవచ్చు. భద్రత నేర్చుకునేవారికి ఇంత మంచి పాఠం దొరకడం అరుదని నా నమ్మకం.

చదవడంతో సరిపెట్టకుండా, ఆమె కీక్లోక్‌ను సొంత కంప్యూటరులో పెట్టుకుని, చిన్న యాప్ రాసి, ఆథరైజేషన్ కోడ్ పద్ధతిని (యాప్‌కు ముందు ఒక తాత్కాలిక కోడ్, దానికి మార్పిడిగా టోకెన్ అనే అనుమతి చీటీ ఇచ్చే తీరు) పీకేసీఈతో (ఆ కోడ్‌ను దొంగిలించినవారు వాడుకోలేకుండా చేసే రక్షణ) సహా నడిపించి, టోకెన్ గడువు తీరితే ఏమవుతుందో, రీడైరెక్ట్ చిరునామా (లాగిన్ తరువాత వాడుకరిని తిరిగి పంపే చోటు) సరిపోలకపోతే సర్వర్ ఎందుకు నిరాకరిస్తుందో స్వయంగా చూడాలి. ఓఆత్ పని అనుమతి ఇవ్వడమనీ, వచ్చినవారు ఎవరో తేల్చేది ఓపెన్ ఐడీ కనెక్ట్ అనీ తడుముకోకుండా చెప్పగలగాలి; ఈ తేడా తెలియనివారిని ఇంటర్వ్యూలో ఇట్టే పట్టేస్తారు.

అలాగని కంపెనీ ఉత్పత్తులను తీసిపారేయవద్దు. ఉద్యోగ ప్రకటనల్లో తరచుగా కనిపించేవి ఉత్పత్తుల పేర్లే; సైట్‌మైండర్ వంటి పాత లాగిన్ వ్యవస్థలున్న సంస్థలకు వాటిలో చేయి తిరిగినవారే కావాలి. అటువంటి ఉద్యోగం వస్తే నిస్సంకోచంగా చేరవచ్చు. శిక్షణ సంస్థకు రుసుము కట్టే ముందు మాత్రం పాఠ్యప్రణాళిక తెప్పించుకుని చూడండి. అందులో మెనూలు, బటన్ల వివరణ తప్ప టోకెన్ల గురించి పాఠమే లేకపోతే ఆ సొమ్ము కట్టవద్దు. ఎంట్రా పాఠాలు మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఉచితంగానే దొరుకుతాయి.