సూపర్‌మ్యాన్‌లో యేసు కనిపిస్తాడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ సినిమాలో సూపర్‌మ్యాన్‌కి 33 ఏళ్లని, సిలువ మీద ఉన్నట్టు చేతులు చాపుతాడని, అదంతా యేసు కథేనని అంటున్నాడు. యౌవనస్థుల కూడికలో ఆ సీను వేస్తాడట. సంఘ పెద్దలేమో ‘మందిరంలోకి సినిమాలు తెస్తారా’ అని కోప్పడ్డారు. ఎవరికి చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: సోదరీ, మీ అబ్బాయి కనిపెట్టింది నిజమే. 2013లో వచ్చిన ఆ సినిమాలో అవన్నీ కావాలని పెట్టినవే. శత్రువుకు లొంగిపోవాలా వద్దా అని హీరో చర్చిలో ఫాదర్‌తో మాట్లాడేటప్పుడు, అతని వెనక కిటికీ రంగుటద్దాల మీద గెత్సేమనేలో ప్రార్థిస్తున్న యేసు కనిపిస్తాడు. విడుదల సమయంలో అమెరికాలో పాస్టర్లకు ఉచితంగా షోలు వేశారు, ప్రసంగానికి పనికొచ్చే నోట్స్ కూడా తయారు చేయించి ఇచ్చారు. ఈ పోలిక వెనక టికెట్ల లెక్క కూడా ఉందని అబ్బాయికి తెలియాలి.

1938లో సూపర్‌మ్యాన్‌ను కామిక్స్‌లోకి తెచ్చిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ యూదు యువకులు. ప్రాణాపాయం నుంచి పసిబిడ్డను తప్పించి పంపేయడం, పరాయివాళ్లు పెంచుకోవడం... నాకైతే జమ్ముపెట్టెలోని మోషే గుర్తొస్తాడు. క్రీస్తు పోలిక తర్వాత సినిమాల్లో బలపడింది. 1978 నాటి సినిమాలో తండ్రి జోర్-ఎల్ ‘నా ఏకైక కుమారుణ్ని పంపాను’ అంటాడు. యోహాను 3:16 కంఠతా వచ్చినవాళ్లకు ఇక చెప్పేదేముంది!

కానీ చేతులు చాపడం నాకంత పెద్ద విషయంగా అనిపించదు. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ క్లైమాక్స్‌లో సూపర్‌మ్యాన్ తన శత్రువు జాడ్ మెడ విరిచేస్తాడు. ఒక కుటుంబాన్ని కాపాడటానికే చేస్తాడు, చేశాక గుండె పగిలేలా అరుస్తాడు కూడా. యేసు మాత్రం పట్టుబడిన రాత్రి పేతురుతో కత్తి వరలో పెట్టమన్నాడు. పన్నెండు సేనావ్యూహాలకు మించి దూతలను రప్పించుకోగలిగి ఉండీ అడగలేదు. పోలిక అక్కడ తెగిపోతుంది. పిల్లలతో మాట్లాడాల్సింది ఆ తెగిన చోటు గురించే.

నన్నడిగితే 2007లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 3’ చూపించమంటాను. అందులో ఎడ్డీ బ్రాక్ అనే ఫొటోగ్రాఫర్ చర్చిలోకొచ్చి, పరిశుద్ధ జలంలో వేళ్లు తడుపుకుని, పీటర్ పార్కర్‌ని (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు అదే) చంపెయ్యమని దేవుణ్ని అడుగుతాడు. సరిగ్గా అప్పుడే పైన గంటల గోపురంలో పీటర్, తనలో కసిని, పొగరును పెంచిన నల్ల సూటును ఒంటి మీద నుంచి పీక్కుంటూ ఉంటాడు. అది చర్మంలా అతుక్కుపోయి రానంటుంది. గంట మోగినప్పుడల్లా కాస్త పట్టు సడలుతుంది. అతన్ని వదిలిన ఆ నలుపు బొట్లు బొట్లుగా కిందనున్న బ్రాక్ మీద పడుతుంది. చివర్లో, బాబాయిని కాల్చిన ఫ్లింట్ మార్కో ఎదురుగా నిలబడి జరిగింది చెప్పుకుంటే, పీటర్ ‘నిన్ను క్షమిస్తున్నాను’ అని అతన్ని పోనిస్తాడు.

మా సండే స్కూల్ పెద్దపిల్లలకు ఈ సీన్లు వేసినప్పుడు, ఇంటర్ చదివే ఒకమ్మాయి ‘ఇద్దరూ ఉన్నది దేవుడి ఇంట్లోనే కదా టీచర్, ఒకడు బాగుపడి ఒకడు చెడిపోయాడేం?’ అని అడిగింది. ఇక నా పాఠం పక్కన పెట్టేసి మత్తయి 18 తెరిచాం. పదివేల తలాంతుల అప్పు మాఫీ చేయించుకున్న దాసుడు, బయటికి రాగానే నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడు. ఎడ్డీ బ్రాక్ ఎవరో పిల్లలే చెప్పేశారు.

పెద్దల మీద కోపం తెచ్చుకోకండి. వాక్యం ఉండాల్సిన చోట సినిమా వచ్చి కూర్చుంటుందేమోనని వాళ్ల భయం, అది న్యాయమైనదే. అబ్బాయిని ముందే వెళ్లి ఒక పెద్దాయనకు ఆ సీన్లు ఫోన్‌లో చూపించమనండి. ఆదివారం ఆరాధనలో వద్దు, యౌవనస్థుల కూడికలోనే, ఐదారు నిమిషాలకు మించకుండా వెయ్యాలి. ముందు వాక్యం చదివించి, ఆ తర్వాతే సీను. గోపురం సీనుకి చిన్నపిల్లలు జడుసుకుంటారు, వాళ్లను కూర్చోబెట్టొద్దు.